ఫ్లాగ్ వేట, నాకౌట్ డ్రా: సరిహద్దు పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు హ్యాకింగ్ పోటీల గురించే. చేరొచ్చా అని అడిగినవారూ ఉన్నారు, పోటీ పెట్టి డ్రా దగ్గర గొడవపడ్డవారూ ఉన్నారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్ర: మా సీనియర్లు సీటీఎఫ్ టీమ్ కడుతున్నారు, నన్నూ రమ్మంటున్నారు. ఇంట్లో మాత్రం హ్యాకింగ్ అంటే పోలీసు కేసే అని భయపడుతున్నారు. చేరొచ్చా అండీ?
(డిప్లొమా విద్యార్థిని, గుణుపురం)

జ: నిశ్చింతగా చేరండి. సీటీఎఫ్ అంటే క్యాప్చర్ ద ఫ్లాగ్. నిర్వాహకులు కావాలనే లోపాలు పెట్టి తయారుచేసిన వెబ్‌సైట్లు, ప్రోగ్రాములు, ఫైళ్లు మీ ముందు పెడతారు. వాటి లోపల ఎక్కడో ఒక రహస్య అక్షరాల వరుస దాచి ఉంటుంది. అదే ఫ్లాగ్. దాన్ని బయటికి లాగి స్కోర్‌బోర్డులో వేస్తే పాయింట్లు. లాస్ వేగస్‌లో ఏటా జరిగే డెఫ్‌కాన్ సమావేశంలో 1996 నుంచి ఈ పోటీ నడుస్తోంది. మన దేశంలో అమృత విశ్వ విద్యాపీఠం విద్యార్థుల బయోస్ జట్టు నిర్వహించే ఇన్‌సీటీఎఫ్ బాగా పేరున్నది.

పోటీలు ప్రధానంగా రెండు తీరులు. జెపర్డీ పద్ధతిలో అందరికీ ఒకే ప్రశ్నలు ఉంటాయి. వెబ్, క్రిప్టో (రహస్య లిపులు విప్పడం), ఫోరెన్సిక్స్ (ఫైళ్లలో ఆధారాలు వెతకడం), రివర్స్ ఇంజినీరింగ్ (ప్రోగ్రామును విప్పి ఎలా పనిచేస్తుందో చూడటం) లాంటి విభాగాల్లో ఎవరికి చేతనైనవి వాళ్లు విప్పుకుంటారు. అటాక్-డిఫెన్స్‌లో ప్రతి జట్టుకూ ఒకేలాంటి సర్వరు ఇస్తారు. మీ సర్వరులో లోపాలు పూడ్చుకుంటూ, ఎదుటివాళ్ల సర్వరులో అవే లోపాల గుండా ఫ్లాగులు ఎత్తుకురావాలి. మీది ఆపేసి కూర్చుంటే కుదరదు, సర్వీసు నడవకపోతే పాయింట్లు పోతాయి.

చట్టం సంగతి ఇంట్లోవాళ్లకు ఇలా చెప్పండి. ఐటీ చట్టం, 2000లోని 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులోకి వెళ్లడాన్ని తప్పంటుంది. అదే పని మోసపు బుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పోటీలో ఆ అనుమతి నిర్వాహకులు ముందే ఇచ్చారు కాబట్టి భయం లేదు. అయితే ఆ అనుమతి వాళ్లు చెప్పిన అడ్రసుల వరకే. స్కోర్‌బోర్డు సర్వరు మీద దాడి చేస్తే ఎక్కడైనా అనర్హులవుతారు. నేర్చుకున్నది పరీక్షిద్దామని కాలేజీ రిజల్ట్స్ సైట్‌ను తడిమితే చట్టం నేరుగా వర్తిస్తుంది. ఏ ప్రభుత్వ సైట్‌లోనో లోపం కంటపడితే ఇంకా లోపలికి వెళ్లకుండా అక్కడే ఆగి, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు మెయిల్ రాయండి. అలాంటి సమాచారం తీసుకోవడానికి అక్కడ ప్రత్యేక ఏర్పాటు ఉంది.

ప్ర: మా వాడు ఏదో హ్యాకింగ్ గ్రూపులో ఉన్నాడు. అది మంచిదో చెడ్డదో తెలిసేదెలా?
(ఒక తండ్రి, బరంపురం)

జ: మంచి గ్రూపులో మాటలన్నీ ప్రశ్నల మీదే ఉంటాయి. పోటీ నడుస్తున్నంతసేపు జవాబులు చెప్పుకోరు. ముగిశాక ఎవరు ఎలా విప్పారో రైటప్‌లు రాసి అందరికీ ఇస్తారు. ఫలానా అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచిపెడతాం, మార్కులు మార్చిపెడతాం అనే గ్రూపులు డబ్బు గుంజడానికే ఉన్నాయి. అన్నిటికంటే ప్రమాదం, బ్యాంకు ఖాతానో సిమ్ కార్డునో కొన్నాళ్లు ఇమ్మని కమీషన్ ఆశచూపేవాళ్లు. ఖాతా మీవాడిది కాబట్టి కేసూ మీవాడి మీదే పడుతుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈరోజే బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్ర: నా దగ్గర 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్, ఒక ఫోను ఉన్నాయి. కాలీ లినక్స్ వేస్తే మెషీను బిగుసుకుపోతోంది. మొదలెట్టడం ఎలా?
(బీఎస్సీ విద్యార్థి, పర్లాకిమిడి)

జ: కాలీ అంటే భద్రతా పరీక్షల పనిముట్లతో వచ్చే లినక్స్. దాన్ని పక్కన పెట్టండి. 4 జీబీలో విండోస్ తన వాటా తీసుకున్నాక వర్చువల్ మెషీనుకు (కంప్యూటరు లోపల నడిచే మరో కంప్యూటరుకు) మిగిలేది చాలదు. మొదటి ఆర్నెల్లకు దాని అవసరమూ లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నడిపే పికోసీటీఎఫ్‌లో బ్రౌజరులోనే తెరుచుకునే లినక్స్ టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) ఉచితంగా ఇస్తారు. ఫోనులో అయితే ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోరు నుంచి టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసుకోండి. లాప్‌టాప్‌లో విండోస్ 10 గానీ 11 గానీ ఉంటే విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ చాలు.

ఆ తర్వాత ఓవర్‌దవైర్ వెబ్‌సైటు వాళ్ల బ్యాండిట్ పట్టండి. అది మెట్లు మెట్లుగా సాగే ఆట. ఒక మెట్టులో దొరికిన పాస్‌వర్డే పై మెట్టుకు తాళంచెవి. కొత్తవాళ్లు మూడుచోట్ల ఆగిపోతుంటారు. మొదటిది, దూరంలోని సర్వరులోకి లాగిన్ చేసే ఎస్‌ఎస్‌హెచ్ కమాండు మామూలుగా 22వ పోర్టుకు (సర్వరు తలుపు నంబరుకు) వెళుతుంది కానీ ఇక్కడ 2220 ఇవ్వాలి. అది మరిచిపోతే ఎన్నిసార్లు కొట్టినా లోపలికి రానివ్వదు. రెండోది, పాస్‌వర్డు టైప్ చేస్తుంటే తెరమీద చుక్కలు కూడా కనపడవు. కీబోర్డు పాడైందనుకుని వదిలేస్తారు. కనపడకపోయినా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. మూడోది, రెండో మెట్టుకు వెళ్లే దారిలో ఫైలు పేరు ఒట్టి హైఫన్. ఫైలును తెరమీద చూపే క్యాట్ కమాండు పక్కన హైఫన్ మాత్రమే పెడితే, ఇక కీబోర్డు నుంచి ఇస్తారేమోనని అది ఎదురుచూస్తూ కూర్చుంటుంది. కంట్రోల్-సి కొట్టి బయటికొచ్చి, హైఫన్‌కు ముందు చుక్క, ముందుకు వాలిన గీత చేర్చి మళ్లీ ఇవ్వండి. ఈ ఫోల్డరులోని ఫైలు అని దానికప్పుడు తెలుస్తుంది.

రోజుకు గంట చొప్పున కూర్చుని, ప్రతి మెట్టుకూ మీ మాటల్లో నాలుగు వాక్యాలు నోటుపుస్తకంలో రాసుకోండి. యూట్యూబులో జవాబు చూసి దాటిన మెట్టు పోటీనాడు అక్కరకు రాదు.

ప్ర: మా కాలేజీల పోటీకి 13 జట్లు వచ్చాయి. చీటీలు తీసి నాకౌట్ ఆడించాం. ఒక జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా సెమీస్‌కు చేరింది. పెద్ద గొడవైంది. ఈ ఏడు అలా కాకుండా డ్రా ఎలా వెయ్యాలి?
(నిర్వాహక విద్యార్థులు, రాయగడ)

జ: గొడవకు మూలం మీ చీటీల్లో లేదు, బైలు (ఆడకుండానే పై రౌండుకు పంపడం) ఇచ్చిన తీరులో ఉంది. మీరు ప్రతి రౌండులోనూ ఉన్నవాళ్లను జతకట్టి, మిగిలిన ఒక్కరికి బై ఇచ్చి ఉంటారు. 13లో ఆరు మ్యాచ్‌లు, ఒక బై, మిగిలింది 7. ఆ 7లో మూడు మ్యాచ్‌లు, మళ్లీ ఒక బై. రెండుసార్లూ చీటీ ఒకరికే వస్తే వాళ్లు ఆడకుండానే చివరి నలుగురిలో ఉంటారు.

బైలన్నీ మొదటి రౌండులోనే తేల్చేయాలి. జట్ల సంఖ్యకు పైనున్న రెండు ఘాతాన్ని (4, 8, 16, 32) తీసుకుని అందులోంచి జట్ల సంఖ్య తీసేయండి. 16లోంచి 13 పోతే 3. అంటే మూడు బైలు, మొదటి రౌండులో ఐదు మ్యాచ్‌లు. ఐదుగురు విజేతలు, ముగ్గురు బైవాళ్లు కలిసి సరిగ్గా 8 మంది. అక్కణ్నుంచి ఇక బై అన్న మాటే రాదు. మొత్తం మ్యాచ్‌లు ఎప్పుడూ జట్ల కంటే ఒకటి తక్కువ, ఇక్కడ 12. మూడో స్థానానికి ఆడిస్తే 13.

బైలు ఎవరికి అన్నది చీటీతో తేల్చకండి. పొద్దున్నే గంటసేపు అందరికీ ఒకే జెపర్డీ పేపరు పెట్టి, వచ్చిన ర్యాంకుల ప్రకారం సీడింగ్ ఇవ్వండి. 1, 2, 3 సీడ్లకు బై. మిగతావారు 4తో 13, 5తో 12, 6తో 11, 7తో 10, 8తో 9. ప్రతి జతనూ కూడితే 17 రావాలి. క్వార్టర్స్‌లో 1వ సీడుకు 8-9 విజేత, 2కు 7-10 విజేత, 3కు 6-11 విజేత ఎదురుపడతారు, 4-13 విజేత 5-12 విజేతతో ఆడతారు. సంచలనాలేవీ లేకపోతే ఈ రౌండులో జత మొత్తం 9, సెమీస్‌లో 5, ఫైనల్లో 3 రావాలి. డ్రా కాగితం గోడకు అంటించే ముందు ఈ కూడికలు ఒకసారి సరిచూస్తే 1, 2 సీడ్లు ఒకే సగంలో పడే పొరపాటు అక్కడే దొరికిపోతుంది. ఒకే కాలేజీ జట్లు తొలి రౌండులోనే తగిలితే పక్కపక్క సీడ్లను (ఉదాహరణకు 11ను 12తో) మార్చవచ్చు. కానీ మారుస్తామన్న మాట నియమాల్లో ముందే ఉండాలి. డ్రా అంటించాక ఏదీ కదపకూడదు.

సమయం లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. అటాక్-డిఫెన్స్ మ్యాచ్‌కు 2 జీబీల వర్చువల్ మెషీన్లు రెండు కావాలి. 16 జీబీ సర్వరు ఒక్కటే ఉంటే ఒకేసారి రెండు మ్యాచ్‌లకు మించి పెట్టకండి. అప్పుడు మొదటి రౌండుకు మూడు విడతలు, క్వార్టర్స్‌కు రెండు, సెమీస్‌కు ఒకటి, ఫైనలూ మూడో స్థానం కలిపి ఒకటి, మొత్తం ఏడు. విడతకు 40 నిమిషాల ఆట, మెషీన్లు మళ్లీ మొదటి స్థితికి తేవడానికి 10 నిమిషాలు. మొత్తం 350 నిమిషాలు. పది గంటలకు మొదలెట్టి భోజనానికి గంట వదిలితే 4:50కి ముగుస్తుంది. అర్హత పేపరు దీనికి ముందు కనుక ఎనిమిదిన్నరకే జట్లు కుర్చీల్లో ఉండాలి. బస్సు ఆలస్యమైందంటూ వచ్చేవాళ్లకు పది నిమిషాల గడువు, ఆపైన వాకోవర్, అంటే ఎదుటి జట్టుకు గెలుపు. ఇది కఠినంగా అనిపించినా మిగతా పన్నెండు జట్ల టైము దీనిమీదే నిలబడి ఉంటుంది.

డబుల్ ఎలిమినేషన్ పెడదామని కూడా రాశారు. ఒకసారి ఓడితే కింది డ్రాకు, రెండోసారి ఓడితే ఇంటికి. న్యాయంగా ఉంటుంది, నిజమే. కానీ 13 జట్లకు 24 మ్యాచ్‌లు, కింది డ్రా విజేత గ్రాండ్ ఫైనల్లో మొదటి మ్యాచ్ గెలిస్తే ఇద్దరికీ ఒక్కో ఓటమే అవుతుంది కనుక ఇంకోటి ఆడించి 25. మీ ఒక్క సర్వరుతో ఒక్క రోజులో అది తెగదు. రెండు రోజులుంటే పెట్టండి, అప్పుడు పై డ్రాలో ఓడినవాళ్లను కింది డ్రాలో ఎదుటి సగంలోకి పంపాలి. లేకపోతే పొద్దున ఆడిన జంటే మధ్యాహ్నం మళ్లీ ఎదురుపడుతుంది.

మా సలహా అడిగితే, 13 జట్లతో నాకౌట్ మొదటినుంచీ వద్దు. కబడ్డీకి కోర్టు ఒక్కటే కాబట్టి నాకౌట్ తప్పదు. జెపర్డీకి ఆ ఇబ్బంది లేదు, అందరూ ఒకేసారి ఆడొచ్చు. పైగా వెబ్‌లో గట్టి జట్టుకు మొదటి మ్యాచ్‌లోనే క్రిప్టో ప్రశ్నలు పడితే ఇంటిదారి పడుతుంది. అందులో ప్రతిభ తేలినట్టు కాదు. మూడు గంటల జెపర్డీ అందరికీ పెట్టి, పైనున్న నాలుగు జట్లకు మాత్రం సాయంత్రం స్టేజి మీద నాకౌట్ ఆడించండి. గుణుపురం నుంచో జయపురం నుంచో పొద్దున్నే బయల్దేరి వచ్చిన పిల్లలకు మూడు గంటల ఆటైనా దక్కుతుంది.

ప్ర: పోటీని, స్కోర్‌బోర్డును నడిపే సీటీఎఫ్‌డీ సాఫ్ట్‌వేరులో డైనమిక్ స్కోరింగ్ పెట్టాం. మా మార్కులు వాటంతటవే తగ్గిపోతున్నాయంటూ జట్లు ఎగబడ్డాయి. లోపం ఎక్కడ?
(ఇంజినీరింగ్ విద్యార్థి, బరంపురం)

జ: లోపం కాదు, అది అలాగే పనిచేస్తుంది. ఎక్కువమంది విప్పిన ప్రశ్న తేలికైనదని లెక్క, కాబట్టి దాని విలువ అందరికీ పడిపోతుంది, ముందు విప్పినవాళ్లకు కూడా. ఈ సంగతి పోటీకి ముందు మైకులో చెప్పాలి.

మీరు సరిదిద్దుకోవలసింది డికే, అంటే విలువ ఎంత త్వరగా దిగాలో చెప్పే అంకె. మొదటి విలువ 500, కనీసం 100, డికే 20 అని పెట్టారు. విలువ ఒక వంపులో దిగుతుంది. మొదటి విలువకూ కనీస విలువకూ ఉన్న తేడాను డికే వర్గంతో భాగించి, వచ్చినదాన్ని విప్పిన జట్లలో మొదటిదాన్ని వదిలి మిగిలినవాటి సంఖ్య వర్గంతో గుణించి, 500లోంచి తీసేస్తారు. డికే 20 అయితే 21 జట్లు విప్పితేగానీ 100కు దిగదు. మీకున్నవి 14 జట్లే. డికే 10 పెట్టి చూడండి: ఒక జట్టు విప్పితే 500, రెండైతే 496, నాలుగైతే 464, ఆరైతే 400, పదకొండైతే 100. ఇప్పుడు తేలికవి తేలికగా, గట్టివి గట్టిగా కనపడతాయి. పాయింట్లు సమానమైతే ఆ మొత్తాన్ని ముందు అందుకున్న జట్టు పైన ఉంటుంది. దీన్ని కూడా నియమాల కాగితంలో రాయండి.

ప్ర: ఇంటర్నెట్ నమ్మకం లేని హాల్లో 39 లాప్‌టాప్‌లతో పోటీ. ఏమేం కావాలి? ఎక్కడ దెబ్బతింటాం?
(కంప్యూటర్ ల్యాబ్ సహాయకుడు, జయపురం)

జ: ఇంటర్నెట్ లేకుండానే నడిచేలా కట్టండి. సీటీఎఫ్‌డీని, ప్రశ్నల డాకర్ ఇమేజీలన్నిటినీ (ఒక్కో ప్రశ్నను నడిపే సిద్ధ ప్యాకేజీలను) రెండు రోజుల ముందే సర్వరు లాప్‌టాప్‌లోకి దించి, నెట్ తీగ పీకేసి ఒకసారి మొత్తం తిరిగి లేపి చూడండి. ఏదో ఒక ఇమేజీ నెట్‌కోసం వెతుక్కోవడం అప్పుడే బయటపడుతుంది. సర్వరుకు మారని ఐపీ (నెట్‌వర్క్ అడ్రసు) ఇవ్వండి. సీటీఎఫ్‌డీ మామూలుగా 8000 పోర్టులో తెరుచుకుంటుంది, ఆ అడ్రసు చార్టు మీద పెద్దగా రాసి అంటించండి.

39 లాప్‌టాప్‌లను ఒక ఇంటి రౌటరు వైఫై మీద వెయ్యకండి. 24 పోర్టుల గిగాబిట్ స్విచ్‌లు రెండు, క్యాట్-6 కేబుళ్లు తీసుకోండి. తెలిసినవాళ్లను కూడా దెబ్బతీసే తప్పులు రెండున్నాయి. ఎవరో ఖాళీగా వేలాడుతున్న కేబుల్ కొసను అదే స్విచ్‌లో గుచ్చేస్తారు. రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పడేసరికి సమాచారం గిరగిరా తిరిగి నెట్‌వర్క్ మొత్తం నిలిచిపోతుంది. స్విచ్ మీద దీపాలన్నీ ఒక్కసారిగా, ఎడతెరిపి లేకుండా వెలిగి ఆరుతుంటే అదేనని తెలుసుకోండి. ఒక్కో కేబుల్ తీస్తూ రండి, ఏది తీశాక దీపాలు శాంతిస్తాయో అదే దోషి. రెండోది, వైఫై చాలలేదని ఇంకో రౌటరు తెచ్చి కలపడం. దానిలో ఐపీలు పంచే డీహెచ్‌సీపీ ఏర్పాటును ఆపకపోతే రెండు రౌటర్లూ ఎవరికి వారే ఐపీలు పంచుతాయి, సగం లాప్‌టాప్‌లకు సర్వరు కనపడదు.

గెస్ట్ వైఫై ఇచ్చినా అంతే, అందులో ఒక పరికరానికి ఇంకోటి కనపడనివ్వరు. ఫోనుతో ఆడేవాళ్లకు ఇంటర్నెట్ లేదని తెరమీద వచ్చినప్పుడు కనెక్ట్ అయి ఉండు అన్నది నొక్కమని చెప్పాలి. లేదంటే ఫోను చెప్పకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది.

కరెంటు: లాప్‌టాప్‌కు 65 వాట్ల చొప్పున 39కి 2,535 వాట్లు. 6 ఆంపియర్ల ప్లగ్గు మీద 1,380 వాట్లకు మించి లాగకూడదు. లైనుకు 13 చొప్పున మూడు వేర్వేరు లైన్ల మీద పంచండి. కరెంటు పోతే లాప్‌టాప్‌లు బ్యాటరీ మీద నిలబడతాయి, స్విచ్‌లూ రౌటరూ నిలబడవు. ఉన్న ఒక్క యూపీఎస్ వాటికే పెట్టండి.

గడియారం కూడా చూసుకోండి. ప్రారంభ సమయం యూటీసీలో (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనుక నడిచే ప్రపంచ సమయంలో) అడుగుతున్న చోట 10:00 అని కొడితే పోటీ మధ్యాహ్నం 3:30కి తెరుచుకుంటుంది. పొద్దున 10కి కావాలంటే 4:30 అని ఇవ్వాలి.

ప్ర: మా పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ప్రశ్నలు తెలుగులో ఇస్తే సరైన ఫ్లాగ్ కూడా తప్పని వస్తోంది. ఎందుకు?
(ఉపాధ్యాయుడు, కొరాపుట్)

జ: ప్రశ్న తెలుగులో ఇవ్వండి, ఒడియాలో ఇవ్వండి, ఫ్లాగ్ మాత్రం చిన్నబడి (స్మాల్) ఇంగ్లిషు అక్షరాలు, అంకెలతోనే పెట్టండి. తెలుగులో పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఉండటానికి కంటికి కనపడని ఒక గుర్తు వేస్తారు. మాట చివర పొల్లు వచ్చినా కొన్ని కీబోర్డులు దాన్ని తామే వేస్తాయి, కొన్ని వెయ్యవు. అప్పుడు తెరమీద రెండు మాటలూ ఒకటే, కంప్యూటరుకు రెండూ వేరు. వాట్సాప్‌లో ఫ్లాగ్ పంపినా చిక్కే. మాటకు అటూ ఇటూ ఉన్న కిందిగీతలను అది వాలు అక్షరాల గుర్తుగా తీసుకుని మాయం చేస్తుంది.

అయితే మీ పిల్లలకు రెండు లిపులు రావడం ఒక వరం. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ఒడియా, తెలుగు లిపులు ఒకే వరుసలో పేర్చి ఉన్నాయి. తెలుగు క సంఖ్య 3093, ఒడియా క సంఖ్య 2837, తేడా 256. చాలా అక్షరాలకు, గుణింతాలకు ఇదే తేడా. మన ఊళ్ల నేల మీదే పుట్టే క్రిప్టో ప్రశ్న ఇది. వంశధార అన్న మాటలోని అక్షరాల సంఖ్యలు రాసి, ఒక్కోదాంట్లోంచి 256 తీసేసి, వచ్చిన ఒడియా రూపం ఇవ్వండి. మొదటి సూచనగా రెండు క ల సంఖ్యలు చాలు. పైథాన్‌లో అక్షరాన్ని సంఖ్యగా, సంఖ్యను అక్షరంగా మార్చే ఆర్డ్, సీహెచ్‌ఆర్ అనే రెండు ఫంక్షన్లతో నాలుగు వరుసల్లో తేలిపోతుంది. మాట ఎంచుకునేటప్పుడు హ్రస్వ ఎ, ఒ లు, వాటి గుణింతాలు, బండి ఱ రాకుండా చూడండి. ఒడియాలో వాటి జాగాలు ఖాళీ, పిల్లలకు పెట్టెగుర్తులు కనపడి ఫాంటు లేదనుకుంటారు. దీనికి కొనసాగింపు ఫోరెన్సిక్స్‌లో పెట్టవచ్చు. ఆ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో రెండు లిపుల అక్షరాలూ మూడేసి బైట్లే. మొదటి బైటు రెండింటికీ ఒకటే, రెండో బైటు దగ్గర దారి మారుతుంది. ఫైలులోని బైట్లను చూపే హెక్స్ ఎడిటరులో ఆ రెండో బైటు చూసి ఏది ఏ లిపో చెప్పమనండి.

ప్ర: చివరి గంటలో స్కోర్‌బోర్డు దాచేస్తే తప్పా?
(ఒక పాఠకురాలు, గుణుపురం)

జ: తప్పు కాదు. సీటీఎఫ్‌డీలో ఫ్రీజ్ సమయం పెడితే ఆ క్షణం నుంచి బోర్డు కదలదు, పాయింట్లు మాత్రం లోపల పడుతూనే ఉంటాయి. ఏ గంటకు ఫ్రీజ్ అవుతుందో పొద్దునే చెప్పండి. ముగిశాక ఫ్రీజ్ తీసేసి, ఫలితం చదవకముందే బ్యాకప్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. అభ్యంతరం చెప్పే జట్టుకు ఏ ఫ్లాగ్ ఎన్ని గంటలకు వేశారో అందులోంచే చూపించవచ్చు.